ఆల్చిప్ప అసలు పేరు

పోర్త్‌గారెక్, కార్న్‌వాల్
20 సెప్టెంబర్ 2021

చెల్లెలు కెజియాకు,

నేను కులాసాగానే ఉన్నాను. మోకాలి సంగతి అడగవద్దు. అడిగితే నిజం చెప్పవలసి వస్తుంది, దానికి ఈ కాగితం చాలదు. ఫోన్ ఎత్తడం లేదని మళ్లీ నిష్ఠూరమాడావు. ఫోనులో అన్న మాటకు మనిషి బాధ్యత వహించడు. ఉత్తరం కింద సంతకం ఉంటుంది. అందుచేత నేను బతికినంతకాలం నీకు ఉత్తరాలే వస్తాయి. ఓర్చుకోవలసిందే.

మన పక్కిల్లు కూడా అమ్ముడుపోయింది. కొన్నవారు లండన్ దంపతులు. తలుపు పక్కన అంకెలు నొక్కితే తెరుచుకునే తాళంచెవి పెట్టె ఒకటి బిగించి వెళ్లిపోయారు. వచ్చే చలికాలం మన సందులో దీపం వెలిగేది నా ఇంట్లోనూ, మూల మీది ఇంట్లోనూ మాత్రమే. నా మోకాలికి కట్టు కట్టే నర్సు ఊళ్లో అద్దె భరించలేక ఎవరిదో పొలంలో నిలిపిన కారవాన్‌లో పిల్లలతో ఉంటున్నది. సెలవులకు మాత్రమే జనం దిగే వేసవి ఇళ్లలో పడకగదులు ఎక్కువై ఖాళీగా ఉంటాయి. ఇది ఏ దేవుడి లెక్కో నాకు తెలియదు.

అసలు విషయానికి వస్తాను. మన తమ్ముడు సైలస్ పోయాక, నదిలో వాడు వేసిన ఆల్చిప్పలు పెంచే తాళ్లను వాడి కూతురు మెర్రిన్ ఒక్కతే నెట్టుకొస్తున్నది. పోయిన చలికాలం కరోనా వల్ల మీ దేశంలోనూ హోటళ్లు మూసి ఉండటంతో సరుకు కదలనే లేదు. కనుక యూరప్ కూటమి నుంచి మనం బయటికి వచ్చాక మీ ఆయన లేండర్ట్ షెడ్డుకు వచ్చే మొదటి లారీ ఇదే. పూర్వం సాయంత్రం ఎక్కిస్తే మరునాటి మధ్యాహ్నానికి సముద్రం అవతల మీ యెర్సెకెలో దిగేవి. ఇప్పుడు పశువైద్యుడి ఆరోగ్యపత్రం కావాలి, దానితోపాటు సరుకు వివరాల కాగితాలు కావాలి. మెర్రిన్‌కు పడవ నడపడం వచ్చు గానీ కాగితం నడపడం రాదు. పాపం, వంటింటి బల్ల మీద తల పెట్టి కునుకు తీస్తుంటే, వైద్యుడి పత్రం ఆయనకు వదిలి, మిగతావి నేను తీసుకున్నాను.

పాత నమూనా కాగితంలో మన ఆల్చిప్పకు ‘ఎడులిస్’ అని లాటిన్ పేరు ఉంది. అది ఉత్తరాది సముద్రాల జాతి. మన నదిలోది దక్షిణాది జాతి, ‘గాలోప్రొవిన్షియాలిస్’. కళాశాలలో రెండేళ్లు వాటినే కోసి చూసినదాన్ని, నాకు తెలియదా? కొట్టివేసి సరైన పేరు రాశాను.

“అత్తా, పాతదాంట్లో ఏముంటే అదే దించెయ్. ఎవరు చూస్తారు?” అని మెర్రిన్ కళ్లు మూసుకునే అన్నది.

“చూసేవాళ్ల కోసం రాయడం కాపీ కొట్టేవాళ్ల పద్ధతి,” అన్నాను. నవ్వి నిద్రపోయింది. ఏ పేరు మార్చానో వినలేదనుకుంటాను.

నదిలో తాళ్లు వేసుకునే హక్కు వచ్చే మార్చి నెలాఖరుతో తీరుతుంది. ఈ చలికాలం సరుకు సాగినట్టు చూపితేనే తిరిగి ఇస్తారు. లేదంటే షోకు పడవలు నిలిపే కంపెనీ ఒకటి గోతికాడ నక్కలా కూర్చుని ఉంది. కాబట్టి ఈ లారీని కాస్త ఆప్యాయంగా దించుకోమని లేండర్ట్‌తో చెప్పు.

నీ అక్క,
డోర్కస్

—

యెర్సెకె
24 సెప్టెంబర్ 2021

ప్రియమైన అక్కకు,

నీ దగ్గరనుంచి ఉత్తరమేదీ రాలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. నువ్వు ఫోన్ ఎత్తవు, మెర్రిన్ ఎత్తినా మాట్లాడే స్థితిలో లేదు.

లారీని సరిహద్దు తనిఖీలో ఆపేశారు. ఒక కాగితంలో ఒక జీవి పేరు, ఇంకో కాగితంలో ఇంకో జీవి పేరు ఉందట. ఏది నిజమో తేలేదాకా కదలనివ్వలేదు. తేలేసరికి ఆల్చిప్పలు నోళ్లు తెరిచేశాయి. మా ఆయన లేన్ నన్ను కూడా షెడ్డుకి తీసుకెళ్లాడు. ఒక గోనె విప్పి గుప్పెడు తీసి ఒకదానితో ఒకటి తట్టాడు. బతికున్నదైతే వెంటనే మూసుకుంటుంది, నీకు తెలుసుగా. ఒక్కటీ మూసుకోలేదు. వాసన ఇంకా నా స్వెట్టర్‌లో ఉంది.

“మీవైపు ఏ తెలివితక్కువ గుమాస్తా రాశాడో కనుక్కో,” అన్నాడు లేన్. నాకూ అదే అనిపించింది. ఉన్న పేరు ఉన్నట్టు రాయడానికి ఎంత చదువు కావాలి? అలాంటివాణ్ణి పట్టుకుని నాలుగు వాయించక్కా, నువ్వు బడిలో పట్టిన బెత్తం ఇంకా ఉండే ఉంటుంది.

మెర్రిన్‌ను కనిపెట్టుకుని ఉండు.

కెజియా

—

పోర్త్‌గారెక్
5 అక్టోబర్ 2021

కెజియాకు,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఈపాటికి నాది చదివి ఉంటావు. చదివితే తెలివితక్కువవాడు మనవైపు లేడని నీకే అర్థమై ఉంటుంది. పేరు విషయంలో పొరపాటు జరగకుండా నేనే స్వయంగా చూశాను. కనుక ఆ గుమాస్తా మీ ఒడ్డున ఉన్నాడు. కంప్యూటర్‌కు మన లాటిన్ పేరు కొత్తగా కనిపించి బెదిరి ఉంటుంది.

మెర్రిన్ కూడా తప్పు ఎవరిదో కనిపెట్టినట్టే మాట్లాడుతున్నది. పత్రం మీద సంతకం చేసిన పశువైద్యుడి మీద రేవు గట్టున అందరి ముందూ విరుచుకుపడిందట. ఆయన స్పెయిన్ మనిషి, పేరు రమీరో. మంచివాడే. కానీ తప్పు తప్పే కదా అని నేను ఆమెను వారించలేదు.

ఊరు ఉడికిపోతున్నది. చేపల లారీ తోలే ఆ డిగరీ లేడూ, నా దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు తాత. అంగడి దగ్గర ఆపి, “మిస్, మనల్ని శిక్షిస్తున్నారు. వదిలి వచ్చినందుకు మొగుడు కక్ష కట్టినట్టుంది,” అన్నాడు. ఆ పోలిక నాకు నచ్చలేదు. కాని కాదనలేకపోయాను.

మెర్రిన్ ఇంకో లారీ సిద్ధం చేస్తున్నది. మీ ఆయన్ను తొందరపడవద్దని చెప్పు.

డోర్కస్

—

యెర్సెకె
17 అక్టోబర్ 2021

ప్రియమైన అక్కకు,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది రెండుసార్లు చదివాను.

నువ్వు పేరు మాట ఎత్తావు కాబట్టి ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఇక ముందు కాగితాలు మెర్రిన్‌నే నింపనివ్వు. వైద్యుడు ఏ పేరు రాస్తే అదే పేరు, అక్షరం పొల్లుపోకుండా, అన్నిచోట్లా ఉండాలి. అంతే. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని మనం తేల్చుకోనక్కర్లేదు.

ఇక్కడ వర్షాలు. లేన్ వాళ్ల అన్న కోర్నెలిస్ ఐర్లండ్ నుంచి సరుకు తెప్పించే మాట ఎత్తుతున్నాడు. వాళ్లు ఇంకా కూటమిలోనే ఉన్నారు, కాగితాల గొడవ లేదు కదా. నేను అడ్డం పడుతున్నాను. లేన్ పాపం మధ్యలో నలిగిపోతున్నాడు.

మోకాలు ఎలా ఉంది? నిజం చెప్పు, కాగితం చాలకపోతే ఇంకోటి తీసుకో.

కెజియా

—

పోర్త్‌గారెక్
8 నవంబర్ 2021

కెజియాకు,

నా చేతిరాత మీద మీవారికి ఫిర్యాదు ఉన్నదని నీ ఉత్తరం వల్ల గ్రహించాను. నలభై యేళ్లు నల్లబల్ల మీద రాసిన చేయి ఇది. చివరి బెంచీకి కూడా కనిపించేది. అయినా నీ మాట మన్నించి, కాగితాలు మెర్రిన్‌కు అప్పగించాను. కోర్నెలిస్ సంగతి తేలేదాకా రెండో లారీ కదలదు.

శుక్రవారం చాపెల్ హాలులో ఊరి సభ జరిగింది. నిలబడటానికి చోటు లేదు. జిల్లా కేంద్రం నుంచి ఒక అధికారి వచ్చాడు. “పరిస్థితులు క్రమంగా కుదుటపడుతున్నాయి,” అని మొదలుపెట్టాడు.

“ఎవరికి కుదుటపడేది సారూ, మీ ఇంట్లోనా?” అన్నాడు డిగరీ.

“వీణ్ణి లండన్ నుంచి దింపారా?” అని వెనకనుంచి ఒక ఆడగొంతు.

“కాదు, ట్రూరో నుంచే. బూట్లు చూడవే, బురదంటే తెలియని బూట్లు.”

నవ్వులు. అధికారి బూట్లు బల్ల కిందికి లాక్కున్నాడు. మత్స్యకారులు, హోటల్లో గిన్నెలు తోమేవాళ్లు, ఆ కారవాన్ నర్సు, ఒక్కొక్కరూ లేచి చెప్పారు. ఒకరి బాధకూ ఇంకొకరి బాధకూ సంబంధం లేదు. కోపం మాత్రం అందరిదీ ఒకటే. రమీరో గోడవారగా నిలబడి ఉన్నాడు. “నీకేంటయ్యా, ఇల్లు కదలకుండా సంతకానికింత అని గుంజుతున్నావు. మీ ఊరికి పోరాదూ?” అని ఎవరో అన్నారు.

అప్పుడు నేను లేచాను. “నోళ్లు మూయండ్రా, మిస్ లేచింది,” అన్నాడు డిగరీ.

మన బిడ్డ సరుకును పేరు చూసి చంపారని చెప్పాను. పాత కాగితంలో ఉన్న తప్పుడు పేరును నేనే, ఈ చేత్తోనే, కొట్టివేసి సరైనది రాశానని, ఏ ఆల్చిప్ప ఏదో తెలియనివాళ్లు మన ఆల్చిప్పకు పేరు పెట్టబోయారని చెప్పాను. చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, మోకాలు నొప్పి పుట్టి నేను కూర్చున్నాక కూడా ఆగలేదు. “మన మిస్ లాటిన్ కూడా వాళ్లకి ఆనలేదంట,” అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

మెర్రిన్ వెనక టీ బల్ల దగ్గర ఉంది. చేతిలోని కప్పు దింపి, కోటు కూడా తీసుకోకుండా బయటికి వెళ్లిపోయింది. ముఖం తెల్లబోయి ఉంది, జ్వరమేమో అనుకున్నాను. నిన్న ఆదివారం భోజనానికి రాలేదు. కుంకుమపువ్వు బన్నులు చేసి పంపితే గిన్నె అలాగే తిరిగి వచ్చింది. నీకేమైనా తెలిస్తే రాయి.

సభ అయ్యాక కొందరు కుర్రకారు చేపల రేవుకు పోయి, ఆ గట్టు కట్టించిన యూరప్ కూటమివారి నక్షత్రాల పలకను పీకేశారు. పలక ఊడింది గాని మేకులు గోడలోనే ఉండిపోయాయి. ఇప్పుడు వచ్చేపోయేవాళ్ల బట్టలన్నీ వాటికి పట్టుకుని చిరుగుతున్నాయి.

నీ అక్క,
డోర్కస్

—

యెర్సెకె
20 నవంబర్ 2021

అక్కా,

రెండు నెలలుగా తప్పించుకుంటూ వచ్చాను. ఇక చేతకాదు.

వైద్యుడి పత్రంలో ఎడులిస్ అని ఉంది. నీ కాగితంలో ఇంకో పేరు ఉంది. లారీ ఆగింది అందుకే. నీ పేరు సరైనదా అని అక్కడ ఎవరూ అడగలేదు. రెండు కాగితాల్లో ఒకే పేరు ఉందా అని మాత్రమే చూశారు. లేదు.

మెర్రిన్‌కి రెండు పేర్లు వచ్చాయని తెలుసు గానీ, మార్చింది నువ్వని తెలియదు. నువ్వు పొరపాటు చేయవన్నది ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ నమ్మకం. అందుకే రమీరో ఆఫీసులోనే గందరగోళం జరిగిందనుకుని ఆయన్ని నానా మాటలూ అంది. సభలో నువ్వు లేచి, చేశానని గొప్పగా చెప్పుకున్నప్పుడు తెలిసింది. ఆ రాత్రే నాకు ఫోన్ చేసింది. “చప్పట్లు కొట్టారు పిన్నత్తా, నా సరుకు చచ్చినందుకు ఊరంతా చప్పట్లు కొట్టారు,” అని ఒకటే ఏడుపు.

ఇది నీకు ముందే చెప్పి ఉంటే నువ్వు సభలో లేచేదానివి కాదు. ఆ తప్పు నాది.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. కోర్నెలిస్ ఐర్లండ్ వాళ్లతో సంతకం పెట్టడానికి సిద్ధమయ్యాడు. “మీ మేనకోడలు కోరుకున్నదే ఆమెకి దొరికింది. బయటికి పోతామని ఓటేసి, ఇప్పుడు మా తలుపు తడితే ఎలా?” అంటున్నాడు.

కెజియా

—

పోర్త్‌గారెక్
1 డిసెంబర్ 2021

కెజియాకు,

నీ ఉత్తరం అందింది. భాషాదోషాలు లేవు.

మరునాడు బస్సెక్కి రమీరో దగ్గరికి వెళ్లాను. తప్పుపట్టవలసింది ఆయనను కాదని, నన్నని చెప్పాను. కుర్చీ వేసి, టీ ఇచ్చి, “మీరు రాసిన పేరే కరెక్టు మిస్, నాకూ తెలుసు. కానీ నా కంప్యూటర్ జాబితాలో ఆ పేరు లేదు. ఉన్నది ఒక్కటే, దాన్నే నొక్కాలి,” అన్నాడు. అరవై యేళ్ల తరువాత జీవశాస్త్రంలో నన్ను సమర్థించిన మనిషి దొరికాడు. ఆయన గది నిండా అట్టపెట్టెలు ఉన్నాయి. క్రిస్మస్‌కు స్పెయిన్ వెళ్లిపోతున్నాడు, తిరిగి రాడు. ఎందుకని అడిగాను. “వెళ్లమంటున్నారు కదా, ఎన్నిసార్లు విననట్టు ఉండను?” అన్నాడు. ఆ స్థానంలోకి ఎవరూ రావడం లేదు. సంతకం చేసే మరో వైద్యుడు ఈ తీరంలో లేడు.

కోర్నెలిస్‌కు నా మాటగా చెప్పు. మెర్రిన్ కూటమి లోపలే ఉండాలని ఓటు వేసింది. ఆనాడు నాతో వాదించి, భోజనం మధ్యలో లేచిపోయింది కూడా. బయటికి అని వేసింది నేను. వాళ్లు వాగ్దానం చేసినవేవీ నేను నమ్మలేదు. ఈ ఊరిని ఎవరైనా ఏదైనా అడగడం నా జీవితంలో అదే మొదటిసారి. అడిగినవాళ్లు ఆశించిన జవాబు ఇవ్వడానికి నాకు చేయి రాలేదు. దానికి నేను సిగ్గుపడటం లేదు. కాని నా ఓటుకు నన్ను శిక్షించమను. ఆ పిల్లను కాదు.

ఆమె ఇంటి తలుపు తట్టాను. లోపల దీపం ఉంది. తెరవలేదు.

డోర్కస్

—

యెర్సెకె
16 డిసెంబర్ 2021

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర అందరికీ చదివి వినిపించాను. కోర్నెలిస్ గడ్డం గీరుకున్నాడు. “ముందే చెప్పొచ్చుగా,” అన్నాడు. ఐర్లండ్ వాళ్లతో మూడేళ్లకి సంతకం అయిపోయిందట, నీ ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందు. “మీ అక్కకి ఫోన్ లేదా?” అని కూడా అడిగాడు.

మెర్రిన్‌ని ఇక్కడికి పిలిపించుకుందామని లేన్ అన్నాడు. షెడ్డులో పని ఉంది, మా పైగది ఖాళీగా ఉంది. కనుక్కుంటే, ఇప్పుడు అలా రావడానికి లేదట. ఆల్చిప్పలు ఏరే పని బయటి దేశాలవాళ్లకి అనుమతి ఇచ్చే పనుల్లో లేదు. నా పెళ్లప్పుడు నేను సూట్‌కేసు పట్టుకుని ఓడ దిగాను, అంతే. ఆ పిల్లకి ఆ వీలు లేదు.

పండక్కి నువ్వు రాకూడదూ? టిక్కెట్టు మేం కొంటాం. వద్దంటావని తెలుసు. అయినా అడుగుతున్నాను.

నీ చెల్లెలు,
కెజియా

—

పోర్త్‌గారెక్
27 మార్చి 2022

కెజియాకు,

పండుగకు రానందుకు, మధ్యలో నువ్వు రాసిన మూడింటికి జవాబు రాయనందుకు కారణం మోకాలు కాదు. రాయదగినది ఏదీ జరగలేదు.

నదిలో హక్కు పోయింది. షోకు పడవల కంపెనీకి ఇచ్చారు. ఈ వారమంతా తాళ్లు పైకి లాగారు. అమ్ముడుపోక రెండేళ్లు పెరిగిన ఆల్చిప్పలు కదా, బరువుకు రెండు తాళ్లు తెగి అడుగుకు పోయాయి. మిగతావాటిని దులిపి ట్రాక్టర్లలో పొలాలకు ఎరువుగా తోలారు. “మనవి మనమే తిందాం” అని డిగరీ రేవులో బల్ల వేసి ఉచితంగా పంచబోయాడు. సభలో అరిచినవాళ్లంతా ఆగకుండా పక్కనుంచి నడిచిపోయారు. ఒకరిద్దరు మొహమాటానికి సంచి పట్టుకున్నారు. ఈ ఊరు ఎన్నడూ వాటిని తిన్న పాపాన పోలేదు, నేనూ అంతే. వాటి గుండె ఎక్కడుంటుందో, ఎలా కొట్టుకుంటుందో పిల్లలకు బొమ్మ గీసి చెప్పాను గాని, నోట పెట్టుకోలేదు.

నిన్న సాయంత్రం మెర్రిన్ వచ్చింది. నవంబర్ తరువాత ఇదే రావడం. చేతిలో బకెట్ ఉంది. కోటు విప్పలేదు. పొయ్యి వెలిగించి, ఉల్లిపాయ తరిగి, కొంచెం వైన్ పోసి మూత పెట్టింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, “లేన్ మామయ్య చేసేవాడు,” అన్నది. సోమవారం నుంచి వేసవి ఇళ్లలో దుప్పట్లు మార్చే పనికి కుదిరిందట. పక్కింటిది కూడా ఆమెకే ఇచ్చారు. తాళంచెవి పెట్టె అంకెలు ఆమెకు తెలుసు.

పళ్లెం నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. నేను అనవలసిన మాట ఒకటి ఉంది. నీకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మూడు నెలలు సాధన చేశాను. నోరు తెరిస్తే వచ్చింది, “నేను రాసిన పేరు మాత్రం సరైనదేనమ్మా.”

“తెలుసత్తా,” అన్నది. “తిను, చల్లారిపోతుంది.”

ఒకటి తిన్నాను. రెండోది నమిలాను. మూడోది మింగలేక పళ్లెం అంచున పెట్టాను.

“ఎలా ఉన్నాయి?”

నాకు అబద్ధం చేతకాదు. “ఇసుక తగులుతోంది. రబ్బరులా ఉంది,” అన్నాను.

ఆమె తన పళ్లెంలోకి చూస్తూ తల ఊపింది. “అందుకేగా అత్తా,” అన్నది, “మనం అమ్ముకుని బతికింది.”

పళ్లేలు కడిగి, గుల్లలన్నీ బకెట్‌లోకి ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆదివారం భోజనాలకు వస్తావా అని అడగడానికి తలుపు దాకా నడిచాను. అప్పటికే సందు మలుపు తిరిగింది.

నీ అక్క,
డోర్కస్